గోగుచేను, గోనెసంచి



పులుపు లేని భోజనము తెలుగువానికి రుచింపదు. ఉష్ణదేశపు అడవులలో చెట్టుకొమ్మల నాశ్రయించి పెరుగు బెగోనియా జాతులు కొన్ని గలవు. బెగోనియాల ఆకు సామాన్యముగా పుల్లగా నుండును. కొన్నింటిని ఆయా దేశములవారు కూరగా వండుకొందురు. మనకు ఆ పులుపు నిచ్చునది గోంగూర. గోగు ఆకే గోంగూర. లేతదశలో కూరయై మన యాకలి దీర్చిన మొక్కయే, ముదిరిన పిమ్మట నారయై మన యప్పు దీర్చెను.

గోగు ఆఫ్రికాఖండమునుండి వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయము. సామర్లకోటలో నివసించిన కుంఫిణీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గు, 1795 మొదలు వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున గోగును గూడ చిత్రింపజేసెను.

1947లో దేశవిభజన జరుగగా, జనుము పండు నేలలలో అధికభాగము తూర్పు పాకిస్తానమునకు పోయెను. మిల్లులు మాత్రము హుగ్లీతీరమున మనకే మిగిలెను. పీచు కొరకు ప్రభుత్వము గోగువంక జూచెను. నేటి శ్రీకాకుళ, విజయనగర మండలములు అప్పటికింకను విశాఖపట్టణపు జిల్లాలోనివి. ఇచ్చటి మెట్టనేలలు తొలకరికి గోగుతో పచ్చబడెను. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు ఆ నారను గొనెను. ఆమదాలవలస పరిశోధనక్షేత్రమునుండి మేలిరకపు విత్తులు వెలువడెను.

ఈ పంటకు నేలకంటె నీరు ముఖ్యము. పూతవేళ కోసి, కట్టలుగట్టి, చెరువులో నూరవేయవలెను. తక్కువ యూరిన బెరడు ఊడిరాదు. ఎక్కువ యూరిన నార కుళ్ళును. ఆ హద్దు నెరిగినది రైతు వ్రేలే.

తరువాత ప్లాస్టిక్ సంచి చవుకగా వచ్చెను. ధాన్యమును, పంచదారను గోనెసంచులలో నింపవలెనని 1987లో శాసనమైనను, గోగు సాగు తగ్గుచునే వచ్చెను. నీరు లేని చెరువులు, దొరకని కూలీలు, నిలకడలేని ధర రైతును వెనుకకు లాగెను. 2009లో చిట్టివలస మిల్లు మూతబడెను.

పెద్దలారా! కూరగా గోంగూర యెన్నడును పోదు. పోవునది నార తీయు నేర్పు. అది పుస్తకములలో నిలుచునది కాదు; చెరువుగట్టున చేతినుండి చేతికి వచ్చినది. ప్లాస్టిక్ మన పొలములను జెరచుచున్నదని లోకము మేల్కొనుచున్న యీ కాలమున, నార మరల కావలసివచ్చినచో, దానిని దీయుట యెవరు నేర్పుదురు? ఆ విద్య యెరిగినవారు మీరే. చెరువులో నీరును, మీలో నోపికయు నుండగనే దానిని మీ మనుమల చేతులలో బెట్టుడు.