లారీ కిటికీ బీడింగు కత

పోస్టు కొంచెం పొడుగు. తెల్లారి మార్కెట్‌కు కాయ తోలేవాళ్లు ఇప్పుడు పడుకోండి, రేపు మధ్యాన్నం తీరిగ్గా చదువుకుందురు.

మొన్న అంగళ్లు కాడ లారీకి టమోటా ఎత్తిస్తా ఉంటే వాన పట్టుకుంది. ఆరేడు మందిమి ఎగబడి నిమిషంలో టార్పాలిన్ కప్పేసినాం. ఒక్క క్రేటు తడవలేదు. క్యాబిన్లోకి తొంగి చూస్తే డ్రైవరన్న జారుడు అద్దానికీ చానెలుకూ మధ్య పాత లుంగీ పేలికలు కుక్కుకుంటా ఉన్నాడు. నీళ్లు తొడ మీదికి కారతా ఉన్నాయి. ఆ మనిషి రాత్రంతా బండి తోలి పొద్దున్నే కోయంబేడు చేరాల. "బీడింగు పోయి మూడేండ్లాయ కదన్నా, ఎవురు ఏపిస్తారు?" అన్నాడు. కాయకు కప్పిన గొడుగు మనిషికి లేదే అనిపించింది. ఆ మాట పట్టుకొని కొంచెం చదివినా, మదనపల్లెలో పాత మిస్త్రీలను అడిగినా. తెలిసింది రాస్తా ఉండా.

మొదలు మన లారీల సంగతి. 1954లో టాటా వాళ్లు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినారు. 1969 దాకా ఆ పొత్తు నడిచింది. మన పెద్దోళ్లు ఇప్పటికీ "బెంజి లారీ" అనేది అందుకే. అయితే కొన్నోడికి కంపెనీ ఇచ్చింది చానా మటుకు లారీ కాదు, ఖాళీ చాసీ. ఇంజను, ముందు ముక్కు, స్టీరింగు, చక్రాలు. డ్రైవరు మూతికి తువ్వాల చుట్టుకొని, ఎండలో గాలిలో వందల మైళ్లు అట్లే తోలుకొచ్చేవాడు. తర్వాత బాడీ కట్టే షెడ్డుకు తోలాల. మనకు అటు విజయవాడ ఆటోనగర్, ఇటు తమిళనాడులో నామక్కల్ ఈ పనికి పేరు పడ్డాయి.

ఆ షెడ్డులో వడ్రంగి చెక్కతో చట్రం కట్టి, మీద రేకు కొట్టి క్యాబిన్ చేసేవాడు. దించి ఎత్తే అద్దం పెట్టాలంటే తలుపు లోపల మిషను కావాల, తలుపు మందంగా ఉండాల. జారుడు అద్దానికి అయ్యేమీ అక్కర్లేదు. కింద ఒక గాడి, పైన ఒక గాడి, మధ్యలో రెండు అద్దాలు. ఖర్చు తక్కువ, పని సులువు. అందుకే మన పాత లారీల్లో అంతగా కనబడతాయి. ఇబ్బంది ఏమంటే ఒక షెడ్డు కొలత ఇంకో షెడ్డుకు ఉండదు. కంపెనీ స్పేర్ పార్టు అని నంబరు చెప్పి తెచ్చుకొనేది లేదు. అంగట్లో మీటరు లెక్కన కోసిచ్చేదే గతి. అరిగిపోతే ఓనరుకు పట్టదు. బాడీకి రంగులు, పూలు, నెమళ్లు వేయించేదానికి చేతులొస్తాయి గానీ, డ్రైవరు పక్క అద్దానికి మూరెడు రబ్బరు వేయించేదానికి రావు. కోపంతోనే రాస్తా ఉండా, ఓనర్లు ఎవురైనా చదివితే ఏమనుకోవద్దండి.

ఇంక రబ్బరు కత. పచ్చి రబ్బరు చెట్టు పాలు. ఎండకు జిగురైపోతుంది, చలికి గట్టిపడి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన దాన్ని గంధకంతో కలిపి కాలిస్తే ఎండకూ చలికీ నిలబడుతుందని కనుక్కొన్యాడు. 1844లో పేటెంటు వచ్చింది. ఇంగ్లండులో థామస్ హాన్కాక్ కూడా అదే దోవ పట్టినాడు. గుడ్‌ఇయర్ మాత్రం అప్పుల్లోనే చచ్చిపోయినాడు. టైర్ల మీద ఆయన పేరు చూస్తాం గానీ ఆ కంపెనీ ఆయనది కాదు, ఆయన పోయినాక చానా ఏండ్లకు వేరేవాళ్లు పెట్టుకొన్న పేరది.

1876లో హెన్రీ విక్హామ్ అనే ఇంగ్లీషాయన బ్రెజిల్ అడవుల్లోంచి డెబ్బై వేల రబ్బరు గింజలు లండను క్యూ తోటకు చేర్చినాడు. మొలిచింది సుమారు 2,700 మాత్రమే. మనం నారు పోసినాక వందకు నాలుగు మొలిస్తే విత్తనాల అంగడోణ్ణి ఊరికే వదులుతామా! ఆ నాలుగు పాళ్ల మొలకల్లోంచే సిలోన్, మలయా తోటలు వచ్చినాయి, తర్వాత మన పక్క కేరళకూ చేరింది. మన లారీ కిటికీల రబ్బరుకు మూలం ఆ గింజలే.

ఈ రబ్బరుకు ఒక శత్రువు ఉంది. గాలిలో ఓజోన్ అనే వాయువు కొంచెం ఉంటుంది. సాగిన రబ్బరు దొరికితే అది బ్లేడుతో గీసినట్టు గీస్తుంది. మీ బండి బీడింగు చూడండి, నిటారుగా ఉన్న చోట కాకుండా మూల తిరిగిన చోటే ముందు పగులుతుంది. వంపులో రబ్బరు సాగి ఉంటుంది కాబట్టి. 1960లలో ఈపీడీఎం అనే కొత్త రబ్బరు వచ్చింది. చెట్టుది కాదు, పెట్రోలియం నుంచి తీసేది. ఓజోన్ కొరికే అతుకులు దాని ప్రధాన గొలుసులో ఉండవు, అందుకే ఎండకూ వానకూ ఎక్కువ కాలం ఆగుతుంది. దీనికి దోవ చూపిన జీగ్లర్, నట్టా ఇద్దరికీ 1963లో నోబెల్ ఇచ్చినారు. అంగట్లో పోయి "ఈపీడీఎం ఉందా?" అని అడగండి. లేదంటే గోరుతో నొక్కి చూడండి, గుంట వెంటనే లేవాల.

మన దేశంలో ఫ్యాక్టరీలోనే చేసిన రేకు క్యాబిన్లు చిన్న లారీల్లో ఎక్కువయింది 1980లలో, జపాను కంపెనీలు వచ్చినప్పుడు. టయోటా, మాజ్డా, మిత్సుబిషి, నిస్సాన్ నాలుగూ ఇక్కడి కంపెనీలతో జత కట్టినాయి. అందులో నిస్సాన్ మన ఆల్విన్‌తో కలిసి జహీరాబాద్‌లో లారీలు చేసింది. అప్పటికి అది మన ఆంధ్రప్రదేశే. పోటీగా 1986లో టాటా 407 దించింది. ఈ బండ్లకు అద్దాల కొలత ఒకటే, రబ్బరుకు నంబరు ఉంది. మిస్త్రీలు వాన కారని క్యాబిన్ మొదటిసారి చూసింది అప్పుడేనంట.

సరే, మన పాత బండ్ల సంగతికి వస్తా. జారుడు అద్దం చానెల్లో రెండు పక్కలా మఖ్‌మల్ మాదిరి నూగు ఉంటుంది. అద్దం జారేది దాని మీదే. దుమ్ము చేరి నూగు అరిగితే అద్దం గడగడమంటుంది, అంచు రేకుకు తగులుతుంది. టఫెన్డ్ అద్దానికి నడిమధ్యలో బలం, అంచులో బలహీనం. అంచుకు ఒక దెబ్బ తగిలితే మొత్తం జొన్నల మాదిరి రాలిపోతుంది.

కింద చానెలుకు నీళ్లు బయటికి పోయే చిన్న బొక్కలు ఉంటాయి. మన ఎర్రమట్టికి అవి పూడిపోతాయి. నీళ్లు నిలిచి చెక్క కుళ్లేది, రేకు తుప్పు పట్టేది ఈడి నుంచే. కొత్త బీడింగు వేసేటప్పుడు ముందు ఈ బొక్కలు కమ్మీతో తెరవాల, తుప్పు గీకి ప్రైమర్ కొట్టి ఆరనియ్యాల. తడి మీద రబ్బరు వేస్తే తుప్పును దాచినట్టే. పాత ముక్క ఒకటి, అద్దం మందం కొలత అంగడికి తీసుకుపోండి. 4 ఎం.ఎం. అద్దానికి 5 ఎం.ఎం. చానెలు వేస్తే మళ్లీ గడగడే. రబ్బరు లాగి కోయొద్దు. లాగి కోస్తే నాలుగు నెలల్లో ముడుచుకొని మూల తెరుచుకుంటుంది. వేలెడు పొడుగ్గా కోసి నొక్కి కూర్చోబెట్టాల. అతుకు పైన రావాల, కింద మూలలో రాకూడదు.

ఒక్క తప్పు అందరం చేస్తాం. అద్దం బిగుసుకుంటే డీజిల్ గుడ్డతో తుడుస్తాం, లేకపోతే గ్రీసు పూస్తాం. రెండు రోజులు బాగా జారుతుంది, తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడిపోతుంది. ఈపీడీఎం కూడా నూనెకు ఆగదు. సబ్బు నీళ్లు చాలు, లేకుంటే సిలికాన్ స్ప్రే.

కొత్త పెద్ద లారీలకు 2025 నుంచి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసినారు. మంచిదే. కానీ మన కాయ మోసే పాత బండ్లు ఇంకో పదేండ్లు భాకరాపేట ఘాటు ఎక్కుతానే ఉంటాయి. మంచులో, వానలో, పొగ లోపలికి వచ్చే క్యాబిన్లో నిద్ర ఆపుకొనే మనిషి చేతిలోనే మన పంట, ఎదురొచ్చే బండ్లోళ్ల ప్రాణం ఉండేది.

ఆ డ్రైవరన్న బండి వారం తర్వాత మళ్లీ లోడుకు వచ్చింది. ఓనరుతో మాట్లాడి, ఖర్చు సగం నేను పెట్టుకొని, మిస్త్రీతో రెండు పక్కలా చానెళ్లు మార్పించినాం. ఒక పూట పని. మంచి రేటున్న రోజు రెండు మూడు క్రేట్ల డబ్బు కూడా కాలేదు. చానెల్లోంచి తీసిన మట్టి దోసెడు ఉంది, దాంట్లో టమోటా గింజలు నాలుగు మొలకెత్తి ఉన్నాయి. లుంగీ పేలికలు మాత్రం ఆయన పారెయ్యలేదు, సీటు కింద దాచుకున్నాడు.