ముద్దాయిలు మారిన కథ

చరిత్ర మీద కుట్ర జరిగిందని పట్టుబట్టి రాసిన తెలుగువారిలో కోట వెంకటాచలం ముఖ్యులు. 1885లో పుట్టి 1959లో పోయిన ఈ పండితుడు బెజవాడ నుంచి పుస్తకం తర్వాత పుస్తకం అచ్చువేశారు. 1953 నాటి ఆయన ఇంగ్లీషు పుస్తకం పేరే 'ద ప్లాట్ ఇన్ ఇండియన్ క్రోనాలజీ' - అంటే భారత కాలగణనలో కుట్ర.

గ్రీకులు సాండ్రకోటస్ అని రాసిన రాజు మౌర్య చంద్రగుప్తుడేనని 1793లో విలియం జోన్స్ అన్నాడు. మన ప్రాచీన చరిత్ర తేదీలు చాలావరకు ఆ మేకుకే వేలాడుతున్నాయి. కాదు, అతను గుప్తవంశపు చంద్రగుప్తుడు, మౌర్యుడు క్రీ.పూ. 1534 నాటివాడు, తెల్లవాళ్లు కావాలనే మన చరిత్రలో పన్నెండు వందల ఏండ్లు మింగేశారు అన్నది వెంకటాచలం వాదన. పురాణాల వంశావళులు, కలిశకం ఆయనకు సాక్ష్యాలు. ఆయన పడ్డ శ్రమ తక్కువది కాదు. దొరలు రాసిన చరిత్రను అనుమానించడం తప్పూ కాదు, ఆ పని మేమూ చేస్తున్నాం. చిక్కల్లా అశోకుడి పదమూడో శిలాశాసనం దగ్గర. అంతియోకుడు, తురమాయుడు మొదలైన ఐదుగురు యవన రాజుల పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లు క్రీ.పూ. మూడో శతాబ్దపు గ్రీకు రాజులు. అశోకుణ్ణి ఇంకో పన్నెండు వందల ఏండ్లు వెనక్కి నెట్టాలంటే ఆ యవనులు గ్రీకులే కారనాలి. ఆయన అదే అన్నారు.

అప్పటికి ముద్దాయి తెల్లదొర. తర్వాత మేమయ్యాం.

ఇండోర్‌లో 1917లో పుట్టిన పి.ఎన్. ఓక్ ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసి, ఢిల్లీలో జర్నలిస్టు అయ్యాడు. 1964లో చరిత్రను తిరగరాయడానికి ఏకంగా ఒక సంస్థే పెట్టాడు. మరుసటేడే తాజ్‌మహల్ రాజపుత్రుల మహలని పుస్తకం రాశాడు, తర్వాత అది శివాలయమన్నాడు. కాబానూ వదల్లేదు, వాటికన్‌నూ వదల్లేదు. ఈయన వెంకటాచలం శిష్యుడని మేమనడం లేదు. దారి మాత్రం అదే.

ఓక్ ఆధారం షాజహాన్ దర్బారు చరిత్ర 'బాద్షానామా'. ఆ జాగాలో రాజా మాన్‌సింగ్ భవనం ఉండేదని అందులో ఉన్న మాట నిజమే. దాన్ని మాన్‌సింగ్ మునిమనవడు జైసింగ్ దగ్గర తీసుకొని బదులిచ్చారని కూడా అక్కడే ఉంది. బదులుగా నాలుగు హవేలీలిచ్చిన 1633 నాటి ఫర్మానా జైపూర్ రాజుల దస్తావేజుల్లో దొరికింది. దాచాలనుకున్నవాడు దర్బారు చరిత్రలో రాయించుకుంటాడా? ఫారసీ కాగితంలో సగం వాక్యం పనికొస్తే సాక్ష్యం, మిగతా సగం కుట్ర!

2000లో సుప్రీంకోర్టు ఓక్ పిటిషన్ కొట్టేసింది. 2007లో ఆయన పోయాడు. 2022లో తాజ్ గదులు తెరిపించాలని ఇంకెవరో వేసిన పిటిషన్‌ను అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది.

జమ్మికుంటలో సాండ్రకోటస్ ఎవరని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. తాజ్ కింద గుడి ఉందట గదా అని మాత్రం అడుగుతున్నారు. అడిగేవాళ్లలో మాతోపాటు బిజిగిరి షరీఫ్ దర్గాకు వచ్చి కందూరు చేసే దోస్తులూ ఉన్నారు.