చందాపుర అపార్ట్‌మెంట్ యజమానుల సంఘాలు

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, హొసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటాక వచ్చే చందాపురలో అపార్ట్‌మెంట్ల ఉమ్మడి ఆస్తిని చూసుకునే ఫ్లాట్ల యజమానుల సంస్థలు ఇవి. వీటికి ముఖ్య ఆధారం 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం. డిక్లరేషన్ పత్రం రిజిస్టరు చేయించి ఈ చట్టం కిందికి వచ్చిన భవనంలో ప్రతి ఫ్లాటుకూ స్థలం, మెట్లు, లిఫ్టు వంటివాటిలో విడదీయరాని వాటా ఉంటుంది. దాన్ని ఫ్లాటు నుంచి వేరుచేసి అమ్మడం కుదరదు. 1960 సొసైటీల చట్టం కింద నమోదైన సంఘాలూ ఉన్నాయి గాని, ఆస్తి హక్కుల విషయంలో అది బలహీనమైన దారి.

2016 రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) వచ్చాక సంఘం ఏర్పాటుకు వీలు కల్పించడం బిల్డరు బాధ్యత అయింది. ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలో బయటపడే నిర్మాణ లోపాలను అతను సొంత ఖర్చుతో సరిచేయాలి.

తగవులు ఎక్కువగా వచ్చేది మెయింటెనెన్స్ దగ్గరే. చట్టం ఉమ్మడి ఖర్చును వాటాల నిష్పత్తిలో పంచమంటుంది. చిన్న ఫ్లాటువారికి ఇది న్యాయంగానే తోస్తుంది. పెద్ద ఫ్లాటువారు మాత్రం వాచ్‌మన్ అందరికీ ఒక్కడే కదా అంటారు. ఆ మాటలోనూ కొంత నిజముంది. లిఫ్టు ఎక్కను కాబట్టి కట్టనన్న వాదన మాత్రం చెల్లదు. ఇక పెంపుడు కుక్కల విషయానికొస్తే, వాటిని పూర్తిగా నిషేధించే అధికారం సంఘానికి లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మురుగునీటి శుద్ధి యంత్రం ఉన్నచోట దాన్ని నడపడమూ సంఘం పనే. మురుగు చేరిన చందాపుర చెరువు కాలుష్యంపై 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది.