ష్రూస్‌బరీలో ఇనుప స్తంభాల మిల్లు

పోయిన ఆదివారం సైటుకు సెలవు కదా, మేం నలుగురం రైలెక్కి ష్రూస్‌బరీ పోయి వచ్చాం. సెవెర్న్ నది ఆ ఊరిని దాదాపు చుట్టూ తిరిగి పారుతుంది. నడి ఊళ్లో నల్ల దూలాలు, తెల్ల గోడలతో 400 ఏళ్ల నాటి ఇళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. చౌరస్తాలో రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంది. ఆయన 1762లో ఈ ఊరి మేయరు. అంతకుముందు 1758లో ఆయన బెంగాల్ నుంచి పంపిన సైన్యమే మన చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్లను ఓడించి, మరుసటి ఏడు మచిలీపట్నం కోట పట్టుకుంది.

అందరూ ఆ విగ్రహం దగ్గరే ఫోటో దిగుతారు. మనలాంటి పనోళ్లు చూడాల్సింది మాత్రం ఊరికి ఉత్తరాన డిథరింగ్టన్‌లో ఉన్న పాత మిల్లు. అవిసె నార నుంచి నూలు తీసే మిల్లు అది. 1797లో కట్టారు. లోపల మొత్తం ఇనుప ఫ్రేముతో లేచిన అంతస్తుల బిల్డింగు ప్రపంచంలో ఇదే మొదటిది.

ఇనుము ఎందుకంటే, అప్పట్లో మిల్లులకు చెక్క దూలాలు, చెక్క అంతస్తులు. లోపలంతా నార దుమ్ము, మిషన్ల నూనె, వెలుగుకు దీపాలు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ మిల్లు భాగస్తులకే లీడ్స్‌లో ఉన్న మిల్లు 1796లో కాలిపోయింది. ఆ దెబ్బతో చార్లెస్ బేజ్ అనే భాగస్తుడు కొత్త డిజైన్ గీశాడు. పోత ఇనుము స్తంభాలు, వాటి మీద ఇనుప దూలాలు, దూలానికీ దూలానికీ మధ్య ఇటుక కమాను. మన దగ్గర పాత రైల్వే బిల్డింగుల్లో జాక్ ఆర్చి చూసుంటారు, అదే పద్ధతి. స్తంభాన్ని అడ్డంగా కోస్తే ప్లస్ గుర్తులా ఉంటుంది. నడుము దగ్గర లావు ఎక్కువ. బరువు పడితే వంగేది అక్కడే కాబట్టి. ఈరోజు మనం లేపే కాలమ్, బీమ్‌ల ఫ్రేముకు ముత్తాత ఇదే.

1886లో మిల్లు మూతపడింది. తర్వాత బార్లీ మొలకెత్తించే మాల్టింగ్‌గా 1987 దాకా నడిచింది. చాలా ఏళ్లు పాడుబడ్డాక బాగుచేసి 2022లో జనానికి తెరిచారు.

ఇంకోమాట చెప్పకపోతే మనసు ఒప్పదు. ఇందులో పనిచేసినవాళ్లలో చాలామంది పిల్లలు. జోనథన్ డౌన్ అనే ఆయన ఏడేళ్లకే ఇక్కడ పనికి చేరాడు. 1832లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. పిల్లోడు కునుకు తీస్తే సూపర్‌వైజరు కర్రతో భుజం తట్టి పిలిచేవాడట. కాళ్లు పట్టి ఎత్తి, మూలనున్న నీళ్ల తొట్టిలో తలకిందులుగా ముంచి, మళ్లీ పనికి పంపేవాడట.

సూపర్‌వైజరు. మాదీ అదే పోస్టు. మొన్న పన్నెండు గంటల డ్యూటీ చేసి, కాంక్రీటు బండి కోసం కూర్చొని కునికిన కుర్రాణ్ణి నలుగురిలో కసిరాం. వచ్చేటప్పుడు రైల్లో అదే గుర్తొచ్చింది. సోమవారం పొద్దున్నే వాడికి టీ ఇప్పించి, తప్పు మాదేనని చెప్పాం.

మంటకు భయపడి యజమానులు ఇనుము పెట్టారు. బిల్డింగు 200 ఏళ్లు దాటి నిలిచింది. మనిషిని కాపాడే చట్టాలు మాత్రం అలాంటి పిల్లలు పెద్దయి నోరు తెరిచి చెప్పాకే వచ్చాయి. మీ సైటులో ఏదన్నా తప్పు జరిగితే చెప్పండి తమ్ముళ్లూ. మాలాంటోళ్లం చేసినా సరే.