పెట్టె కొన్నాం, లోపలి సొమ్ము కూడా కొన్నామా?

పాత సామాను కొనని ఇల్లాలు మన పట్టణాల్లో అరుదు. బదిలీ అయి వెళ్లిపోతున్నవాళ్ల దగ్గర బీరువా, పాతసామాన్ల కొట్లో రాతబల్ల, ఆబిడ్స్‌లో ఆదివారంపూట ఫుట్‌పాత్ మీద పిల్లలకి పుస్తకాలు, ఇలా ఏదో ఒకటి కొంటూనే ఉంటాం. తెచ్చిన వస్తువుని ముందు దులుపుతాం కదా! అప్పుడు సొరుగులో పరిచిన కాగితం కిందనుంచి ఒక ఉంగరమో, పుస్తకం మధ్యనుంచి ఒక నోటో, అర వెనకాల ఇరుక్కుపోయిన చిన్న మూటో బయటపడుతుంది. అది బయటపడగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "డబ్బిచ్చి కొన్నాం, మనదే" అని ఒకరు. "ఎవరిదో పాపం, ఇచ్చేద్దాం" అని ఇంకొకరు. ఈ తగవు మన ఇళ్లలో కొత్తగా పుట్టింది కాదండీ. రెండు వేల ఏళ్లుగా పండితులూ, న్యాయాధిపతులూ తలలు పట్టుకున్న తగవు ఇది.

మన పెద్దవాళ్లు చెప్పే కథ మీకు తెలిసే ఉంటుంది. ఒక రైతు పొలం కొని దున్నుతుంటే లంకెబిందెలు దొరికాయి. "నేను పొలం కొన్నాను గానీ బంగారం కొనలేదు, తీసుకో" అని అమ్మినవాడి దగ్గరికి వెళ్లాడు. "పొలంతోపాటు అందులో ఉన్నదంతా అమ్మేశాను, నాకొద్దు" అన్నాడు అతను. ఇద్దరూ ధర్మరాజు దగ్గరికి వెళ్తే "ఇవాళ్టికి వెళ్లి రేపు రండి" అన్నారట. తెల్లారేసరికి కలి ప్రవేశించాడు. ఇద్దరూ "నాది" అంటే "నాది" అంటూ జుట్లు పట్టుకుని వచ్చారట. ఈ కథలో మొదటి సగం యూదుల గ్రంథాల్లోనూ ఉంది, ముస్లిముల హదీసుల్లోనూ ఉంది. అయితే అక్కడ ముగింపు వేరు. ఒకరికి కొడుకు, ఒకరికి కూతురు ఉన్నారని తెలుసుకుని, ఆ ఇద్దరికీ పెళ్లి చేసి సొమ్ము వాళ్లకి ఖర్చు పెట్టమని తీర్పు చెబుతారు. నా మటుకు నాకు మన ముగింపు కన్నా ఇదే బాగుంది. ఒక శుభకార్యం జరిగింది కదూ!

కానీ కథల్లో ఉన్న సదుపాయం మన ఇళ్లలో ఉండదు. కథలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. మన విషయంలో అమ్మినవాళ్లకి ఆ సంగతే తెలియదు. తెలిసింది మనకొక్కరికే. మనం నోరు విప్పకపోతే లోకంలో ఇంక ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

సరిగ్గా ఈ చిక్కుని పట్టుకున్నవాడు షిమోన్ బెన్ షెటాక్ అనే యూదుల గురువు. క్రీస్తుకి పూర్వం ఒకటో శతాబ్దంవాడు. అవిసెనార పనితో బతికేవాడు. గురువుగారు కష్టపడలేకపోతున్నారని శిష్యులు ఒక అరబ్బు దగ్గర గాడిదని కొని తెచ్చారు. చూస్తే దాని మెడకి ఒక మణి వేలాడుతోంది. ఇంక మీకు కష్టపడే అవసరం లేదని శిష్యులు సంబరపడ్డారు. ఆయన ఒక్కటే అడిగాడు, ఈ సంగతి దాని యజమానికి తెలుసా అని. తెలియదన్నారు. అయితే వెళ్లి ఇచ్చి రమ్మన్నాడు. చూడండి, మణి ఖరీదెంత అని గానీ, చట్టం ఏమంటుంది అని గానీ ఆయన అడగలేదు.

అందరూ షిమోన్‌లు కాలేరు గనక మామూలు జనానికి వేరే లెక్క కావాలి. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మగ్రంథంలో ఆ లెక్క ఉంది. అది చదివినప్పుడు, మన వంటింటి సంగతులు తెలిసినవాళ్లే రాశారా అనిపించింది నాకు. ఒకడి దగ్గర ధాన్యమో పళ్లో కొన్నాం, అందులో నాణేలు కనిపించాయి. విడివిడిగా కలిసిపోయి ఉంటే అవి కొన్నవాడివే. మూటగట్టి ఉంటే మాత్రం తీసుకుని, ఎవరివని చాటించాలి. ఎందుకంటే విడి నాణేనికి గుర్తేమీ లేదు. ముడి వేసిన మూటకైతే గుర్తుంది. ఎన్ని నాణేలో, ముడి ఎలా వేశారో పోగొట్టుకున్నవాళ్లు చెప్పగలరు. కొంగున ముడివేసుకునే మనకి ఇది వేరే విడమరచి చెప్పాలా! తరవాతి పండితులు దీనికి ఇంకో మాట చేర్చారు. విడి నాణేలు ఉంచేసుకోవచ్చన్నది వర్తకుడి దగ్గర కొన్నప్పుడే. అతని సరుకు పదిమంది దగ్గరనుంచి వచ్చి కలిసి ఉంటుంది, నాణెం ఎవరిదని చెప్పగలం? సంసారి ఇంట్లో కొంటే మాత్రం వెనక్కి ఇవ్వాల్సిందే. పాతసామాన్ల కొట్లో కొన్న బీరువాకీ, పక్కవీధి కాపురంవాళ్ల దగ్గర కొన్న బీరువాకీ తేడా ఎక్కడుందో ఈ ఒక్క మాటలో తేలిపోయింది.

ఇంచుమించు ఆ కాలంలోనే రోములో స్కేవోలా అనే న్యాయపండితుడి ముందుకి ఒక ప్రశ్న వచ్చింది. తల్లిదండ్రులు లేని మైనరు పిల్లవాడి ఇంటిని అతని సంరక్షకుడు అమ్మాడు. కొన్నవాడు మరమ్మతుకి పనివాణ్ణి పిలిస్తే, అతనికి ఇంట్లో డబ్బు దొరికింది. ఎవరిది? అది ఏనాటిదో, ఎవరు పాతారో ఎవరికీ గుర్తులేని నిధి అయితే దాని సంగతి వేరు. కేవలం పోగొట్టుకున్నదో, పొరపాటున తీసుకోవడం మరిచిపోయిందో అయితే మాత్రం, అది మొదట ఎవరిదో ఇప్పటికీ వాళ్లదే అన్నాడాయన. అమ్మినవాడిదని ఆయన అనలేదు. ఈ మాటతో మనకి మళ్లీ పని పడుతుంది.

మన స్మృతులూ ఇదే దారి. సొంతదారు కనిపించని సొమ్ముని రాజు మూడేళ్లు భద్రంగా ఉంచాలని మనువు చెప్పాడు. నాదని వచ్చినవాడు దాని రూపం, లెక్క సరిగ్గా చెప్పాలి. అబద్ధమాడితే జరిమానా. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లో చెప్పాడు. ధర్మశాస్త్రాన్ని తెలుగులో వినాలన్న కోరిక మనవాళ్లకి అప్పుడే ఉండేదన్నమాట.

అన్నిటికన్నా మన బీరువా కథకి దగ్గరగా ఉన్నది ఇంగ్లండులో 1841లో తీర్పయిన మెర్రీ, గ్రీన్ కేసు. మెర్రీ అనే ఆయన వేలంపాటలో 1 పౌను 6 షిల్లింగులకి సొరుగులున్న పాత రాతబల్ల కొన్నాడు. కొన్నాళ్లకి ఏదో బాగుచేయించడానికి వడ్రంగి కుర్రవాణ్ణి పిలిపించాడు. ఆ కుర్రవాడు అటూ ఇటూ తట్టి చూసి, ఇందులో రహస్యపు సొరుగు ఉన్నట్టుందే అన్నాడు. తీస్తే నిజంగానే ఉంది. అందులో డబ్బుసంచీ! మెర్రీ దాన్ని తన దగ్గరే ఉంచేసుకున్నాడు. ఆ మాట పొక్కి సామాను అమ్మినాయన చెవిన పడింది. మెర్రీని దొంగతనం కింద పట్టించారు. ఆయన ఊరుకున్నాడా? బల్ల నాది, దొంగనెలా అవుతాను, నన్ను అన్యాయంగా నిర్బంధించారంటూ ఎదురు దావా వేశాడు.

మొదట తీర్పు మెర్రీ వైపే వచ్చింది. పైకోర్టులో న్యాయమూర్తి పార్క్ ఆ చిక్కుముడిని విప్పిన తీరు చూడాలి. బల్ల అమ్మారు, అప్పగించారు, అది మెర్రీదే. సంచీ మాటేమిటి? ఇచ్చే ఉద్దేశం అమ్మినవాడికి లేదు, పుచ్చుకునే ఉద్దేశం కొన్నవాడికి లేదు. అది ఉందని ఇద్దరికీ తెలియదు. తెలియని దాన్ని అమ్మడమేమిటి, కొనడమేమిటి? కాబట్టి సొరుగు తెరిచిన క్షణంలో మెర్రీ సంచీని కొన్నవాడు కాదు, దొరకబుచ్చుకున్నవాడు మాత్రమే. ఎవరిదో తెలిసీ, తెలుసుకునే వీలుండీ ఉంచేసుకుంటే దొంగతనం కిందికే వస్తుంది. కానీ ఒక మినహాయింపు ఉంది. లోపల ఉన్నదానితో సహా కొన్నానని నమ్మడానికి మెర్రీకి తగిన కారణం ఉంటే అప్పుడు దొంగ కాడు. వేలంపాట దగ్గర ఒక సొరుగు తెరుచుకోకపోతే, ఉన్నదానితో సహా అమ్మేశానని పాటవాడు అన్నాడని ఒక సాక్షి చెప్పాడు. పాటవాడేమో తను అలా అనలేదన్నాడు. ఆ సంగతి తేల్చడానికి కేసుని మళ్లీ విచారించమన్నారు. అంతకుముందు 1803లోనూ, బాగుచెయ్యమని ఇచ్చిన బల్లలో వడ్రంగికి 900 గినీలు దొరికిన కేసులో ఆ దేశపు న్యాయస్థానం ఇలాగే ఆలోచించింది. ఆ రోజుల్లో రాతబల్లలకి రహస్యపు సొరుగులు పెట్టడం వేడుక కాబోలు. మనవాళ్ల భోషాణాల్లో దొంగ అరలున్నట్టే.

ఆ మినహాయింపు నిజంగా పనిచేసిన కేసు 1981లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వచ్చింది. భార్యాభర్తలు వేలంలో 50 డాలర్లకి పాత ఇనప్పెట్టె కొన్నారు. లోపలి అర తాళం వేసి ఉంది. తాళాలు తీసేవాడి దగ్గరికి పట్టుకెళ్తే అందులో 32,207 డాలర్లు కనిపించాయి. అతనే పోలీసులకి చెప్పాడు. ఇనప్పెట్టె ఒక చనిపోయిన మనిషి ఆస్తిలోది, వారసులు డబ్బు తమదన్నారు. కింది కోర్టులు రెండూ వారసుల వైపే చెప్పినా రాష్ట్ర సుప్రీంకోర్టు కొన్నవాళ్లకే ఇచ్చింది. కారణం ఒకటే. తాళం తియ్యలేదనీ, ఎప్పుడూ తెరవలేదనీ వేలంవాడు ముందే చెప్పి అమ్మాడు. లోపల ఏముందో తెలియదని తెలిసే అమ్మారు, తెలిసే కొన్నారు. అంటే ఆ అదృష్టం కూడా వాళ్లు కొనుక్కున్నదే.

మన దేశంలో 1860లో చేసిన శిక్షాస్మృతి 403వ సెక్షను కింద చిన్న చిన్న ఉదాహరణలు ఇచ్చారు. దారిలో రూపాయి దొరికింది, ఎవరిదో తెలియదు, తీసుకుంటే నేరం లేదు. విలువైన ఉంగరం దొరికింది, ఎవరిదని కనుక్కునే ప్రయత్నమే చెయ్యకుండా వెంటనే అమ్మేస్తే నేరం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఇది 314వ సెక్షను అయింది. రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమైతే, దొరికిన వస్తువుని దగ్గర పెట్టుకున్నవాళ్లు, మరొకరు దాచమని ఇచ్చిన సొమ్ముని చూసుకున్నంత జాగ్రత్తగానూ చూసుకోవాలంటుంది. కొన్న పాత ఇంటి గోడలోనో, నేలలోనో దొరికిన పాత నిధికి 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజేయాలి.

మరి వెనక్కి ఇవ్వడమంటే ఎవరికివ్వాలి? అమ్మినాయనకే కదా అంటారు. రోము పండితుడి మాట ఇక్కడ గుర్తుచేసుకోండి. ఇంట్లో సొరుగు అడుగున, బియ్యం డబ్బాలో, పట్టుచీర మడతలో, పోపులపెట్టె కింద డబ్బు దాచేదెవరు? 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దన్నప్పుడు, ఇంట్లో ఎవరికీ తెలియని నోట్లు ఎక్కడెక్కడినుంచి బయటికొచ్చాయో మీకందరికీ తెలుసు. బీరువా అమ్మింది ఆయన కావచ్చు, లోపలి గొలుసు ఆవిడ పుట్టింటిది కావచ్చు. స్త్రీధనం భార్య సొంతమే, భర్త దాన్ని భద్రపరిచేవాడు మాత్రమే అని 1985లో మన సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో తేల్చి చెప్పింది. అందుకని పాత బీరువాలో ఏదైనా దొరికి ఇవ్వడానికి వెళ్లినప్పుడు, వీధి గుమ్మంలోనే ఆయన చేతిలో పెట్టి వచ్చేయకండి. "ఇంట్లో అమ్మగారున్నారా? ఆవిడతో చిన్న పనుంది" అనండి. గొలుసు చూపించకుండా "మీదేమైనా బీరువాలో ఉండిపోయిందా?" అని అడగండి. ఏ అరలో పెట్టిందో, ఏ గుడ్డలో చుట్టిందో, ముడి ఎలా వేసిందో ఆవిడే చెబుతుంది.