ఆకుకు ఒక విధి, పూతకు ఒక విధి: భంగపై 1893 నాటి విచారణ

“గంజాయివనంలో తులసిమొక్క” అన్న నానుడి మనవారందరూ ఎరిగినదే. అందులో ఒకటి హేయం, మరొకటి పూజ్యం. కాశీక్షేత్రంలో ఈ విభజన అంత సులభంగా చెల్లదు. అక్కడ ప్రభుత్వానుమతి పొందిన అంగళ్లలో భంగును బహిరంగంగా విక్రయిస్తారు. మహాశివరాత్రినాడు దానిని ఠండాయిలో కలిపి శివప్రసాదంగా స్వీకరించేవారు అనేకులు. ఒకే దేశంలో, ఒకే మొక్క ఒకచోట నేరం, మరొకచోట నైవేద్యం ఎట్లయింది? ఈ సందేహానికి సమాధానం పురాణాలలో వెదకనక్కరలేదు. ఆంగ్లేయపాలనలో జరిగిన ఒక విచారణలో అది లభిస్తుంది.

1893 మార్చిలో, గంజాయి వలన భారతీయుల ఆరోగ్యానికీ శీలానికీ హాని కలుగుతున్నదా అన్న ప్రశ్న బ్రిటిష్ పార్లమెంటులో తలెత్తింది. తత్ఫలితంగా మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యుల సంఘం ఏర్పడింది. వారిలో ముగ్గురు భారతీయులు. వైద్యులు, అధికారులు, సాగుదారులు, క్రైస్తవ మతప్రచారకులు మొదలైన 1193 మంది సాక్ష్యాలను ఆ సంఘం స్వీకరించింది. ఉన్మాదానికి గంజాయే మూలమన్న వాదానికి ఆధారం చికిత్సాలయాల దస్తరాలు. వాటిని ఒక్కొక్కటిగా తిరిగి శోధించగా, రోగి పూర్వవృత్తాంతం తెలియనప్పుడు ‘గంజాయి’ అని వ్రాసి ఊరుకొన్న సందర్భాలు అనేకం బయటపడ్డాయి!

మతాచారాల విషయంలోనూ సంఘం వినవలసినవారి మాట విన్నది. భంగ పట్ల శైవభక్తులకున్న పూజ్యభావాన్ని వివరిస్తూ క్యాంబెల్ అనే బొంబాయి అధికారి వ్రాసిన వ్యాసం నివేదికకు అనుబంధంగా చేరింది. తూర్పు బెంగాలులో గంజాయి సమర్పణతో సాగే త్రినాథపూజను గూర్చిన వివరణ కూడా అందులో ఉన్నది. అయితే ఆ పూజ 1867 ప్రాంతంలో మొదలైనది! పాతికేండ్ల అలవాటు అప్పటికే సనాతనాచారపు వేషం ధరించింది. అథర్వవేదం ఓషధులలో భంగను పేర్కొన్నదన్నదీ, ఆయుర్వేదం ‘విజయ’ అన్నదీ నిజమే. అంతమాత్రాన ప్రతి చిలుముకూ వేదప్రామాణ్యం సిద్ధించదు. శివుడు హాలాహలాన్నీ స్వీకరించాడు. ఆ విషయంలో మాత్రం ఆయనను అనుకరించేవారు కానరారు.

1894 నివేదిక సంపూర్ణనిషేధాన్ని సమర్థించలేదు. మితసేవనం వలన సాధారణంగా హాని లేదనీ, అతిసేవనమే అనర్థకమనీ తేల్చి, కట్టడిని సూచించింది: అనుమతితోనే సాగు, తగినంత సుంకం, పరిమితసంఖ్యలో అంగళ్లు, వాటి స్థలనిర్ణయంలో స్థానికుల అభిప్రాయానికి విలువ. వ్యక్తి తన వద్ద ఉంచుకోదగినది గంజాయి అయితే ఐదు తులాలు, భంగు అయితే పావు సేరు. పత్రానికీ పుష్పానికీ మధ్య భేదం ఇక్కడ అంకెలలోనే కనబడుతున్నది.

ఆ భేదమే నిలిచింది. 1961 అంతర్జాతీయ ఒడంబడికలోనూ, మన 1985 మాదకద్రవ్యాల చట్టంలోనూ గంజాయి అంటే పూతకంకులు. కంకులతో కలియని ఆకులూ గింజలూ ఆ నిర్వచనంలోకి రావు. అందువలన భంగు రాష్ట్రాల ఎక్సైజు విధానానికి విడువబడింది.

విచిత్రమేమంటే, అంగడికీ వ్యక్తికీ వేరువేరు విధులు నిర్ణయించే ఈ పద్ధతి మనవారెందరో నివసించే కాలిఫోర్నియాలోనూ కనబడుతున్నది. 2016లో అక్కడి ఓటర్లు ఆమోదించిన శాసనం ప్రకారం 21 ఏండ్లు నిండినవారు నివాసంలో ఆరు మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఊరిలో దుకాణం ఉండాలా వద్దా అన్నది మాత్రం ఆ నగరపాలక మండలి నిర్ణయం. అక్కడ పత్రపుష్పభేదం లేదు, దేవతాప్రసక్తి అసలే లేదు.

కాశీయాత్ర ముగించుకొని వచ్చే మనవారిలో కొందరు ప్రసాదమన్న భావనతో భంగుగుళికలు వెంట తెచ్చుకొంటారు. అక్కడి అంగడికి అనుమతినిచ్చినది ఉత్తరప్రదేశ్ ఎక్సైజు శాఖ. ఆ అనుమతి రైలెక్కి మనతో రాదు.