ఊట ఉన్నంతే కపిల

మా కడప జిల్లా కమలాపురం చుట్టుపక్కల కరెంటు మోటార్లు రాకముందు పెద్ద బావులకు ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు రెండేసి ఉండేవి. ఒక బాన నీళ్లు కుమ్మరించే వేళకు రెండోది బావిలో మునుగుతూ ఉండేది. రెండు కపిలలు తోలితే రెండింతలు మడి తడుస్తుందని చిన్నప్పుడు నా లెక్క. ఎండలు ముదిరాక మా తాత ఒక జత ఎద్దుల్ని విప్పేసేవాడు. ఎందుకని అడిగితే, "బాయిలో ఊట లేకపాయె, ఎద్దుల్ని సంపుకుంటే ఏమొస్తాది నాయినా" అనేవాడు. సర్క్యూట్ బోర్డుల పనిలో పడ్డాక ఆ మాట నాకు పాఠ్యపుస్తకం అయింది. ఇసిఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) అరవయ్యేళ్ల సంచికకు రాయడానికి కూర్చుంటే మొదట గుర్తొచ్చిందీ అదే.

1967 ఏప్రిల్ 11న, అణుశక్తి శాఖ కింద, హైదరాబాదులో ఈ సంస్థ పుట్టింది. నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. మనందరికీ ఎ.ఎస్.రావు గారు. 1969లో టిడిసి-12 కంప్యూటరు వచ్చింది. దేశంలోనే తయారైన తొలి డిజిటల్ కంప్యూటర్లలో దాని పేరు చెప్పుకోవాలి. తర్వాత ఇసి టీవీ ఎన్నో తెలుగు ఇళ్లకు మొదటి టీవీ అయింది.

ఆ రోజుల్లో బోర్డు పనంతా చేతులదే. రెసిస్టరు కాళ్లు వంచాలి, రంధ్రంలో దూర్చాలి, వెనక టంకం పెట్టాలి. ఉత్పత్తి పెరగాలంటే ఇంకో బల్ల వేసి, పని తెలిసిన ఇంకో మనిషిని కూర్చోబెట్టేవారు. పక్కపక్కన పని నడపడమంటే అంతే. యంత్రాలు వచ్చాక లెక్క మారింది.

ఇప్పటి లైనులో ముందు స్టెన్సిల్ మీదుగా టంకం పేస్టు పూస్తారు. ప్లేస్‌మెంట్ యంత్రం రీళ్లలోంచి నువ్వుగింజంత భాగాలను పీల్చి బోర్డు మీద పెడుతుంది. తర్వాత ఓవెన్‌లో టంకం కరిగి అతుకుతుంది. ఆపైన కెమెరా తనిఖీ, పరీక్ష. ఒక బోర్డుకు పేస్టు పూయడానికి 20 సెకన్లు, భాగాలు పెట్టడానికి 60 సెకన్లు పడుతుందనుకుందాం. ఓవెన్‌లోంచి 25 సెకన్లకు ఒక బోర్డు బయటికొస్తుందనుకుందాం. గంటకు 60 బోర్డులు. రెండో ప్లేస్‌మెంట్ యంత్రం పక్కన పెడితే 120. సంతోషమే. మూడోది పెడితే 180 రావాలి కదా? రావు. 144 దగ్గర ఆగిపోతాయి. ఊట ఇప్పుడు ఓవెన్‌లో ఉంది.

పోనీ ఓవెన్ బెల్టును తోలేద్దామంటే కుదరదు. సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. బోర్డు మెల్లగా వేడెక్కాలి, 240 డిగ్రీల దాకా పోవాలి, మళ్లీ మెల్లగా చల్లారాలి. నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో కొత్త యంత్రం వచ్చిన నెలలోనే ఓవెన్ ముందు బోర్డులు గుట్టపడ్డాయి. బెల్టు వేగం పెంచింది నేనే. అతుకులు చూడ్డానికి బాగానే ఉన్నాయి, వేలితో తడితే ఊడాయి. ఆ వారం సరుకంతా వెనక్కి వచ్చింది. రెండో ఓవెన్ కొనాల్సిన చోట రెండో ప్లేస్‌మెంట్ యంత్రం కొన్నామని అప్పుడు గాని తెలియలేదు.

ఇసిఐఎల్ చరిత్రలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఓటింగ్ యంత్రం. 1982 మేలో కేరళలోని పరవూరు అసెంబ్లీ ఎన్నికలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా అవే, పది లక్షలకు పైగా. 2017లో ఓటు చీటీ చూపించే వీవీప్యాట్లు 16,15,000 కావాల్సొచ్చాయి. సగం బెంగళూరు బీఈఎల్‌కు, సగం, అంటే 8,07,500, ఇసిఐఎల్‌కు. దేశం మొత్తం ఒకే బావి అనుకుంటే ఇవి రెండు కపిలలు. ఈ యంత్రాల పనిలో అతి నెమ్మదైనది తనిఖీ. ఎన్నికల ముందు ప్రతి జిల్లాలో కంపెనీ ఇంజనీర్లు పార్టీల ప్రతినిధుల ఎదుట ఒక్కో యంత్రాన్నీ పరీక్షిస్తారు. అక్కడ తొందర పనికిరాదు, పనికిరాకూడదు కూడా. తనిఖీని కుదించి సాధించిన వేగాన్ని నేను ఉత్పాదకత అనను.

ఇప్పుడు బోర్డుల పని మా ఊళ్ల దాకా వచ్చింది. మా కమలాపురం నియోజకవర్గంలోని కొప్పర్తిలో 540 ఎకరాల్లో ఎలక్ట్రానిక్స్ క్లస్టరు వెలిసింది. అక్కడ సీసీటీవీ కెమెరాలు తయారవుతున్నాయి. వేరుశనగ, నాపరాయి తప్ప వేరే బతుకుదెరువు చూడని ఇళ్ల ఆడపిల్లలు చేతికి ఎర్త్ పట్టీ కట్టుకుని లైను దగ్గర నిలబడటం నాకు గర్వంగా ఉంది. మా పొడిగాలిలో స్థిర విద్యుత్తు ఇట్టే పుడుతుంది. అది చిప్‌ను చంపినా కంటికి కనపడదు. ఆ పట్టీ ఎందుకో, ఏ యంత్రం ముందు బోర్డులు ఆగుతున్నాయో ఆ పిల్లలకు లైను ఎక్కకముందే తెలియాలి.

అందుకే ఇసిఐఎల్ పెద్దలకు ఒక మనవి. మీ పాత లైన్లలో పక్కన పెట్టిన ప్లేస్‌మెంట్ యంత్రం, చిన్న ఓవెన్ ఉంటే మా జిల్లా ఐటీఐకో పాలిటెక్నిక్‌కో ఇప్పించండి. ఒక్క యంత్రం కాదు, రెండివ్వండి. పక్కపక్కన పెట్టి నడిపి చూసే పిల్లలు మా దగ్గర ఉన్నారు.